పూడికతీత: తావో క్షేత్రములలో ఒక దినము

మనుష్యుని జీవితమున పనులు రెండు విధములు. కొన్ని అతడు పూనుకొని చేయుటచే నెరవేరును. మరికొన్ని అతడు అడ్డు తొలగుటచే నెరవేరును. మొదటి విధమైనవానిని బాల్యము మొదలు అందరును మనకు నేర్పుదురు. రెండవదానిని నేర్పువారు అరుదు. అందుచేతనే సమర్థులని లోకమున పేరు పొందినవారు సయితము జీవితపు సాయంకాలమున, తమ సామర్థ్యమునకు లొంగని ఏదో ఒక చిక్కు ముందు నిలిచి, ఏమి చేయుటకును తోచక నలిగిపోవుచుందురు.

చీనా దేశపు తావో మతాచార్యులు ఈ రెండవ విద్యకు 'వూ వెయ్' అని పేరిడిరి. చేయకుండుట అని దాని అక్షరార్థము. సోమరితనమునకు ఇది మంచి సాకు గదా యని తొందరపడి తలచువారు కలరు. అది సరికాదు. వస్తువుల స్వభావమును ఎరిగి, ఆ స్వభావమునకు ఎదురు నడువక, బలాత్కారము లేకుండ చేయుటయే వూ వెయ్. ఇది ఎంత శ్రమతో కూడిన విద్యయో, గోదావరి తీరమునుండి వెళ్ళిన ఒక యాత్రికునకు సిచువాన్ రాష్ట్రమున ఒక్క దినమున కొంత తెలిసివచ్చెను.

ఆ యాత్రికుడు గోదావరి డెల్టా కాలువలపై ముప్పదినాలుగేండ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన ఇంజనీరు. 1852 నాటికి కాటన్ దొర పూర్తిచేయించిన ధవళేశ్వరము ఆనకట్టయు, దాని స్థానమున వెలసిన నేటి బ్యారేజియు, వానినుండి బయలుదేరిన కాలువలును, లాకులును, తూములును ఆయనకు కరతలామలకములు. ఆయన మాటపై లస్కర్లు తలుపులు ఎత్తిరి, దించిరి. ఇంటను ఆయన మాట అట్లే చెల్లెను. కాని ఒక్క కుమారుని విషయమున చెల్లలేదు. తండ్రి చదివించిన చదువును, ఇప్పించిన ఉద్యోగమును విడిచి కుమారుడు ఒక పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుడుగా చేరెను. "ఇక నా గడప తొక్కవలదు" అని తండ్రి అనెను. కుమారుడు ఆ మాటను పాటించెను. మూడేండ్లు గడచినవి. ఈ మధ్యకాలమున తల్లి కాలధర్మము చెందెను. కర్మకాండ జరిగిన పది దినములును తండ్రికొడుకులు ఒకే కప్పు క్రింద నుండిరి గాని, అవసరమునకు మించి ఒక్క మాట మాటాడుకొనలేదు.

యాత్రకు బయలుదేరునాడు ఆయన జేబులో సగము వ్రాసిన ఉత్తరము ఒకటి యుండెను. కుమారుని మరల ఇంటికి పిలుచుటకు అంగీకరించుచు, అందులకు నాలుగు షరతులు వ్రాసెను. అయిదవది వ్రాయవలెనా, వద్దా యను సందేహముచేత ఉత్తరము నిలిచిపోయెను.

పచ్చమేక ఆలయము

చెంగ్డూ నగరమున ప్రాతఃకాలమున ఆయన మొదట దర్శించినది చింగ్యాంగ్ ఆలయము. ఆ పేరునకు పచ్చమేక ఆలయమని అర్థము. లావోత్సే మహాశయుడు లోకమును విడిచి పడమటి దిక్కునకు పోవుచు, సరిహద్దు కనుమను కాపాడుచున్న యిన్ షీ అను అధికారి ప్రార్థింపగా అయిదువేల అక్షరముల గ్రంథమును వ్రాసియిచ్చెననియు, "వేయి దినములు దీనిని అభ్యసించి, పిదప చెంగ్డూలోని పచ్చమేకల సంతలో నన్ను వెదకుము" అని చెప్పి వెడలెననియు ఐతిహ్యము. ఆ గ్రంథమే తావో తే చింగ్. సంప్రదాయము దానిని 81 అధ్యాయములుగా విభజించెను. లావోత్సే చరిత్రను గూర్చి పండితులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. గ్రంథము మాత్రము మిక్కిలి ప్రాచీనము. 1993లో గువోదియన్ గ్రామమునొద్ద ఒక సమాధిలో దొరకిన వెదురుబద్దలపై దాని భాగములు కానవచ్చినవి. అవి క్రీస్తునకు పూర్వము 300 ప్రాంతమునకు చెందినవని నిర్ణయింపబడెను.

ఆలయములో ఎనిమిది పలకల మంటపము ఒకటి కలదు. దానియందు 81 మకరసర్పములు, అనగా చీనావారి డ్రాగన్లు, చెక్కబడియున్నవి. ప్రధానమందిరమునెదుట రెండు కంచు మేకలు కలవు. వానిలో ఒకదానికి ఒంటికొమ్ము. దాని అవయవములలో చీనావారి సంవత్సరచక్రమునందలి పండ్రెండు జంతువుల పోలికలును చూపబడినవి. భక్తులు తమకు నొప్పిగానున్న అవయవము ఏదో, మేకకును ఆ అవయవమునే తాకి నమస్కరింతురు. తాకి తాకి ఆ కంచు బంగారము వలె మెరయుచున్నది. ఒక ముదుసలి తన మోకాలిని తాకుకొని, మేక మోకాలిని తాకి, మరల తన మోకాలిని తాకుకొనుట యాత్రికుడు చూచెను. ఆయనకును మోకాలి నొప్పి కలదు. కాని ఇంజనీరు గనుక చేయి చాపలేదు.

ఆలయ ప్రాంగణమున తేనీటి అంగడి యుండెను. వెదురు కుర్చీలో కూర్చుండగా ఒక పరిచారకుడు మూత, గిన్నె, క్రింది పళ్ళెము కలిసిన పింగాణీ పాత్రను ముందుంచి, ఆకులపై వేడినీరు పోసి పోయెను. పాలు లేవు, చక్కెర లేదు. ఆకులు పైకి తేలియుండెను. యాత్రికుడు రెండు పర్యాయములు త్రాగబోయెను. రెండు పర్యాయములును ఆకులే నోటికి వచ్చినవి. ఆయనకు తోడుగా వచ్చిన విశ్వవిద్యాలయ విద్యార్థి నవ్వి, "అయ్యా, కొంచెము ఆగుడు. ఆకు తడిసిన పిమ్మట తనంత తానే క్రిందికి దిగును" అని ఆంగ్లమున చెప్పెను. ఆగగా దిగెను.

మనము తేయాకు అనినను, ఉత్తరాదివారు చాయ్ అనినను, ఆ రెండు మాటలకును మూలము చీనా దేశమే. ఒకటి ఆ దేశపు ఆగ్నేయతీరపు పలుకుబడినుండి వచ్చినది, రెండవది తక్కిన ప్రాంతముల పలుకుబడినుండి వచ్చినది. కాళిదాసు శాకుంతలమున చీనాంశుకమను పట్టుబట్టను పేర్కొనెను. రెండు దేశములకును ఇచ్చిపుచ్చుకొనుట నాటినుండియు కలదు.

ఒక్క మాటకై వాదము

ఆ ఇచ్చిపుచ్చుకొనుటలో చెంగ్డూ నగరమునకును, ఆంధ్రదేశమునకును ఒక మహాపురుషుని ద్వారమున సంబంధము కలదు. హ్యుయాన్‌త్సాంగ్ యువకుడుగా నున్నప్పుడు, అంతఃకలహములవలన తన ప్రాంతమును విడిచి అన్నతో కూడ చెంగ్డూ చేరెను, క్రీ.శ. 622లో అచ్చటనే పూర్ణభిక్షుత్వము స్వీకరించెను. తరువాత ఎడారులను, పర్వతములను దాటి భారతదేశమునకు వచ్చి, 640 ప్రాంతమున కృష్ణాతీరమందలి ధాన్యకటకమున కొన్ని మాసములు నివసించి, ఇరువురు భిక్షువులకడ మహాసాంఘికుల అభిధర్మమును అభ్యసించెను. 645లో ఆయన స్వదేశమునకు మరలెను.

647లో చక్రవర్తి ఆయనకు ఒక పని నప్పగించెను. కామరూపాధిపతియగు భాస్కరవర్మ లావోత్సే గ్రంథమును కోరియుండుటచే దానిని సంస్కృతమునకు తర్జుమా చేయవలెనని ఆజ్ఞ. తావో పండితులును సహాయులుగా నియమింపబడిరి. గ్రంథపు మొదటి పదమైన 'తావో'కు సంస్కృతమున ఏ మాట వాడవలెనను విషయమున తీవ్రమైన వాదము పుట్టెను. 'బోధి' అనవలెనని తావో పండితులు పట్టుపట్టిరి. హ్యుయాన్‌త్సాంగ్ సమ్మతింపలేదు. బోధియనగా మేలుకొనుట, తావో యనగా నడుచు త్రోవ. కావున 'మార్గము' అనవలెనని ఆయన నిర్ణయము. ఆ సంస్కృతానువాదము నేడు లభ్యము కాదు. వాదము మాత్రము చరిత్రలో నిలిచినది.

ఇందు మనము గ్రహింపవలసినది కలదు. తమ గ్రంథమునకు పరదేశమున గౌరవము హెచ్చునని తావో పండితులు పెద్ద మాటను కోరిరి. హ్యుయాన్‌త్సాంగ్ చిన్న మాటను, ఉన్న మాటను కోరెను. ఇతరుల సత్యమును మన సత్యముతో తొందరపడి ఏకము చేయుట గౌరవమువలె కనిపించును గాని, దానివలన రెండింటికిని అన్యాయము జరుగును. ఎదుటివాడు ఏమి చెప్పుచున్నాడో అది వినుట మొదటి మర్యాద. మతములయందే కాదు, గృహములయందును ఇది నిజము. కుమారుని మాటను తండ్రి తన మాటలోనికి తర్జుమా చేసికొని, ఆ తర్జుమాపై కోపించుట లోకమున ఎంత సాధారణము!

తలుపులు లేని ఆనకట్ట

2010లో ప్రారంభమైన వేగరైలు చెంగ్డూనుండి దుజియాంగ్యెన్ పట్టణమునకు ఇంచుమించు అర్ధగంటలో చేర్చును. మధ్యాహ్నమునకు యాత్రికుడు ఆ పట్టణము చేరెను. ఆయన చీనా దేశమునకు వచ్చినది ముఖ్యముగా దీనిని చూచుటకే.

మిన్ నది టిబెట్టు పీఠభూమి అంచు పర్వతములనుండి దిగి, ఇచ్చట మైదానమున ప్రవేశించును. పూర్వము వర్షకాలమున వరద ముంచెత్తును, వేసవిని మైదానమునకు నీరు చాలదు. క్రీ.పూ. 256 ప్రాంతమున ఈ షూ సీమను పాలించిన లీ బింగ్ అను అధికారి దీనికి ఉపాయము చేసెను. నదికి అడ్డముగా గోడ కట్టలేదు. నది నడుమ, వంపు తిరుగు చోట, చేపనోటి ఆకారమున ఒక తిన్నెను నిర్మించి ప్రవాహమును రెండు పాయలుగా చీల్చెను. లోపలి పాయ ఇరుకైనది, లోతైనది. వెలుపలి పాయ వెడల్పైనది, లోతు తక్కువైనది. నీరు తక్కువగానున్న ఋతువున ప్రవాహము లోతును వెదకి, ఆరుపాళ్ళు లోపలి పాయలో పారి పొలములకు పోవును. వరదకాలమున ప్రవాహము వెడల్పును వెదకి, ఆరుపాళ్ళు వెలుపలి పాయలో పడి నదిలోనే సాగిపోవును. తలుపు ఎత్తువాడు లేడు, దించువాడు లేడు.

లోపలి పాయకు ప్రక్కగా సుమారు 2 మీటర్ల ఎత్తున ఒక అలుగు కలదు. మితిమీరిన నీరు దానిపై పొర్లి మరల నదిలో కలియును. వంపులో సుడి తిరుగు ప్రవాహమే ఇసుకను, గులకరాళ్ళను ఎత్తి ఆ అలుగు మీదుగా అవతల పడవేయును. అటుపై కొండను తొలిచిన సుమారు 20 మీటర్ల వెడల్పుగల కంఠము గుండ నీరు మైదానమునకు పోవును. మందుగుండు ఎరుగని ఆ కాలమున రాతిని నిప్పుతో కాల్చి, నీటితో చల్లార్చి, పగిలిన ముక్కలను తొలగించుచు ఆ కంఠమును త్రవ్విరని చెప్పుదురు. వెదురు బుట్టలలో రాళ్ళు నింపి కట్టలు పోసిరి. నేడు ఆ నీటివలన ఆరు లక్షల హెక్టారులకు పైగా భూమి సాగగుచున్నది. 2000లో యునెస్కో దీనిని, చేరువనున్న చింగ్చెంగ్ పర్వతమును ప్రపంచ వారసత్వ స్థానములుగా గుర్తించెను.

యాత్రికుడు మొదట సంశయించెను. "ఇది ఇన్ని శతాబ్దములు ఎట్లు నిలిచినది?" అని తోడి విద్యార్థిని అడిగెను. నిజమునకు అది చెక్కు చెదరక నిలువలేదు. 1933లో ఎగువ పర్వతములలో భూకంపము వచ్చి, కొండచరియలచే ఏర్పడిన సరస్సు తెగగా వచ్చిన వరదలో చేపనోరు కొట్టుకొనిపోయెను. 1936లో దానిని మరల కట్టిరి. 1974లో వెలుపలి పాయకు ఇనుప తలుపులును అమర్చిరి. ఎగువన 2006లో జిపింగ్పు ఆనకట్ట పూర్తియయ్యెను. 2008 మే 12వ తేదీని వచ్చిన ఘోరభూకంపమున చేపనోటికి పగుళ్ళు పడినవి. ఒడ్డుననున్న ఆలయమున అనేక మందిరములు కూలినవి. అన్నిటిని మరల బాగుచేసిరి. నిలిచినది రాయి కాదు, పద్ధతి. ఆ పద్ధతిని ఆలయపు గోడలపై ఆరు అక్షరములలో చెక్కియుంచిరి. పూడికను లోతుగా తీయవలెను, అలుగును ఎత్తుగా కట్టరాదు: ఇదియే దాని తాత్పర్యము.

ప్రతి శీతకాలమును నీరు తగ్గినప్పుడు పాయను కట్టి, అడుగున చేరిన ఇసుకను త్రవ్వి తీయుట ప్రాచీనాచారము. ఎంత లోతు త్రవ్వవలెను? అందులకై నదీగర్భమున ఇనుప దూలములను పాతియుంచిరి. గునపమునకు ఇనుము తగులువరకు త్రవ్వవలెను. తగులనిచో పని పూర్తికానట్లే. వసంతమున, పితృదేవతల సమాధులను శుభ్రపరచు చింగ్మింగ్ పర్వదినమున, అడ్డుకట్టను తెంచి నీరు వదలుదురు. యాత్రికుడు వెళ్ళినది ఆ పర్వమైన కొలది దినములకే.

ఆయన చాలసేపు నీటి ఒడ్డున నిలిచెను. గోదావరి కాలువలను వేసవిలో కట్టివేసి పూడిక తీయించుట ఆయన వృత్తిలో భాగము. గుత్తేదారు పైపైన తీసి పని అయినదనిపించుకొనుటయు, తాను దిగి కొలిచి మరల త్రవ్వించుటయు ఎన్ని పర్యాయములో జరిగినవి. అధికారము చేతిలోనున్నంతకాలము కట్ట ఎత్తు పెంచుట సులభమనియు, అడుగున పూడిక తీయుటయే కష్టమనియు ఆయన ఎరుగును. అడుగు పూడినకొలది కట్ట ఎత్తు పెంచుచు పోయినచో, ఒకనాడు నది చుట్టునున్న పొలములకంటె ఎత్తున పారును. ఆనాడు గండి పడును. ఈ సంగతి చిన్న ఉద్యోగులకు ఆయనే బోధించియుండెను. ఇంటి విషయమున ఎన్నడును స్ఫురింపలేదు.

సమీపమున లీ బింగ్ శిలావిగ్రహము కలదు. 1974లో పనులు జరుగుచుండగా నదీగర్భమున దొరకినది. క్రీ.శ. 168లో చెక్కబడినట్లు దానిపై వ్రాసియున్నది, ఎత్తు 2.9 మీటర్లు. నీటి మట్టమును కొలుచుటకు ఇట్టి విగ్రహములను నదిలో నిలిపెడివారట. నీరు పాదములకు తగ్గరాదు, భుజములకు మించరాదు. సీమనంతను పాలించిన అధికారికి ప్రజలు చేసిన గౌరవమిది: ఆయనను సింహాసనముపై గాక, నీటిలో కొలబద్దగా నిలిపిరి.

ఒడ్డుననున్న ఆ దేవాలయమునకు ఇరువురు రాజుల ఆలయమని పేరు. ఒకరు లీ బింగ్, రెండవవాడు ఆయన కుమారుడు. ప్రాచీనచరిత్రకారుడు సిమా చియెన్ తండ్రినే పేర్కొనెను. కుమారుని కథ జనశ్రుతిలో పెరిగినది. జనులకు తండ్రి యొక్కడే చాలలేదు కాబోలు. ఇంత పని ఏ తండ్రియు ఒంటరిగా ముగింపజాలడని వారికి తోచియుండును. తండ్రికొక మందిరము, కుమారునికొక మందిరము కట్టి, ఇరువురికిని ధూపమిడుచున్నారు. యాత్రికుడు రెండు మందిరములయెదుటను నిలిచెను. మాటాడలేదు.

ఊరగాయ జాడీ

సాయంకాలమునకు ఆయన చింగ్చెంగ్ పర్వతపు అడుగునకు చేరెను. ముప్పదియారు శిఖరములు గలదని పేరొందిన ఈ పర్వతము తావో మతమునకు పుట్టినిండ్లలో ఒకటి. క్రీ.శ. 142లో జాంగ్ దావ్‌లింగ్ అనునతడు లావోత్సే సాక్షాత్కారమును పొంది ఈ సీమలో ప్రప్రథమ తావో సంఘమును స్థాపించెననియు, పిదప ఈ కొండపై వసించెననియు సంప్రదాయము. సంఘమున చేరువారు అయిదు కుంచముల బియ్యము సమర్పించెడివారు. పైన ఆయన గుహవద్ద ఆయన నాటినదని చెప్పబడు ప్రాచీన వృక్షమొకటి కలదు. దేవదారులు, వెదుళ్ళు దట్టముగా క్రమ్మిన ఆ కొండ పచ్చదనమునకును నిశ్శబ్దమునకును ప్రసిద్ధము.

శిఖరము ఎక్కవలెనని యాత్రికుని సంకల్పము. పట్టిక ప్రకారము ఎక్కవలసియుండెను. మెట్లు మొదలిడిన కొలదిసేపటికే మోకాలు మొరాయించెను, ప్రొద్దును వాలుచుండెను. పూర్వమైనచో ఆయన పండ్లు బిగించి ఎక్కెడివాడే. ఆనాడు క్రిందికి దిగెను.

కొండ అడుగుననున్న ఒక చిన్న ఆలయమున ఒక వృద్ధ తావో సన్న్యాసి ఆయనను భోజనమునకు పిలిచెను. నీలివస్త్రము, నడినెత్తిన సిగ, మన సాధువులను తలపించు వేషము. చువాన్‌జెన్ సంప్రదాయమునకు చెందిన ఈ సన్న్యాసులు బ్రహ్మచారులు, శాకాహారులు. ఉల్లి, వెల్లుల్లి మున్నగు ఘాటైన వానిని విడిచినవారు. యాత్రికుడును శాకాహారియే. అన్నము, వేపిన ఆకుకూర, వెదురుమొలకలు, మిరపకారముతో వండిన సోయాపాల గడ్డ, ఊరవేసిన కాయగూరలు వడ్డించిరి. మిరప అమెరికా ఖండమునుండి రెండు దేశములకును వచ్చినదే. ఆంధ్రులును సిచువాన్ వాసులును దానిని తమ తాతల సొత్తుగా భావించుటలో సమానులు. కాని సిచువాన్ వంటలో కారముతోపాటు నాలుకకు తిమ్మిరి పుట్టించు ఒక గింజ కలదు. కారము మంట పుట్టించును, ఆ గింజ మంటను మరపించును. తినుటకు ఇచ్చిన పుల్లలను యాత్రికుడు గట్టిగా పట్టెను. గట్టిగా పట్టినకొలది ముక్క జారెను. వృద్ధుడు తన చేతిని చూపెను. వ్రేళ్ళు వదులుగానుండెను. ముక్క నిలిచెను.

ఊరగాయ రుచి యాత్రికుని నాకర్షించెను. వృద్ధుడు ఆయనను వంటింటి ప్రక్కకు కొనిపోయి జాడీని చూపెను. మూతి చుట్టును చిన్న కాలువవంటి అంచు, అందులో నీరు. మూత ఆ నీటిలో బోర్లించియున్నది. మనవారు ఆవకాయ జాడీకి వాసెన కట్టుదురు. అచ్చట ఏమియు కట్టలేదు. చూచుచుండగనే లోపలినుండి ఒక బుడగ లేచి, అంచులోని నీటిని దాటి బయటపడెను.

"మూత బిగించరా, స్వామీ?" అని యాత్రికుడు విద్యార్థి ద్వారా అడిగెను.

"బిగించినచో లోపలి ఆవిరికి జాడీ పగులును. తెరచియుంచినచో బయటి గాలికి కుళ్ళును. నడుమ ఈ కొంచెము నీరు చాలును. పోవలసినది పోవును, రాకూడనిది రాదు. ప్రతిదినము నీరు ఆరిపోకుండ చూచుటయే నా పని."

"ఈ జాడీ ఎన్నాళ్ళది?"

"జాడీ క్రొత్తది. అందులోని ఊట మా గురువుగారిది. 1966 తరువాత ఆలయములు మూతపడినప్పుడు మమ్ము పంపివేసిరి. గురువుగారు పొలముపనికి పోయిరి. ఒక రైతు ఇల్లాలు ఈ ఊటను తన జాడీలో పోసికొని, ఏటేట కాయలు వేసి, పదేండ్లకు పైగా బ్రతికించినది. మేము మరలి వచ్చినప్పుడు ఒక గిన్నెడు తెచ్చియిచ్చినది. గురువుగారు ఆమెను, మీరు తావో గ్రంథము చదివితిరా అని అడిగిరి. ఆమెకు చదువు రాదు."

యాత్రికుడు కొంతసేపు ఊరకుండెను. అటుపై ఆయన కుమారుని సంగతి చెప్పెను. ఇంతవరకు ఎవ్వరికిని చెప్పని సంగతి, భాష తెలియని వృద్ధునకు, మనుమడి యీడుగల విద్యార్థి నోట చెప్పించెను. నాలుగు షరతులను గూర్చియు చెప్పెను.

వృద్ధుడు తీర్పు చెప్పలేదు. "మీరు నీటి పనివారు గదా. పల్లమునకు నీరు చేరవలెనన్న నీటికి షరతులు పెట్టుదురా, త్రోవ త్రవ్వుదురా?" అని మాత్రము అడిగెను. పిదప జాడీ అంచులో నీరు తగ్గియుండుట చూచి, చెంబుతో పోసెను.

సాధకునకు

నీరు పల్లమెరుగునని మన పెద్దలు అనిరి. పల్లము కాదలచువాడెవ్వడు? ఇదియే ప్రశ్న. తండ్రి పల్లమున నిలుచుట ఎట్లు, గురువు పల్లమున నిలుచుట ఎట్లు, అధికారి పల్లమున నిలుచుట ఎట్లు? గౌరవము పోవునేమోయని ప్రతివాడును తన కట్టను జానెడు పెంచును. ఎదుటివాడును పెంచును. అడుగున పూడిక పెరుగుచునే యుండును. ఆ పూడిక ఏది? నేను చేసితిని గనుక నా మాట నెగ్గవలెనను తలంపు. ప్రేమించితిని గనుక ఏలవలెనను తలంపు. సరియైనది నాకే తెలియునను తలంపు. ఒక్కొక్కటి ఇసుకరేణువంత. ఏటేట తీయనిచో ఏరు పూడును.

తావో మతము అహంకారమును ఎదిరించి యుద్ధము చేయుమని చెప్పలేదు. యుద్ధమున గెలిచిన అహంకారము మరింత బలియును, ఓడినది పగబూనును. త్రవ్వుము, తీయుము, నీటికి చోటిమ్ము అని మాత్రము చెప్పినది. ఇందు సోమరితనమునకు తావు లేదు. శీతకాలపు చన్నీటిలో మోకాలిలోతున నిలిచి గునపముతో త్రవ్వినవారిని సోమరులనుట తగునా? ఫలమును చేతబట్టి లాగక, కర్తవ్యమును శ్రద్ధతో చేయవలెనను మాట మన దేశమునకును క్రొత్త కాదు. రెండును ఒక్కటేయని తొందరపడి చెప్పుట హ్యుయాన్‌త్సాంగునకు నచ్చదు. ఒకరి త్రోవను చూచుటచే మరియొకరి త్రోవలోని మరుగుపడిన మెట్టు కనబడునని చెప్పిన చాలును.

సాధకుడు ప్రతిరాత్రియు నిద్రకు ముందు తన్ను తాను ఇట్లు ప్రశ్నించుకొనవలెను: నేడు ఎవ్వరియెదుట నా కట్టను పెంచితిని? గునపమునకు ఇనుము తగులువరకు త్రవ్వితినా, పైపైన తీసి పని అయినదంటినా? ఇనుము తగులుట యనగా, ఇక సాకు చెప్పుటకు వీలులేని చోటు చేరుట. అచ్చట మనుష్యునకు ఒక చిన్న నిజము కనబడును. అది ఎప్పుడును చిన్నదే. తావోకు మార్గమనుటవలె చిన్న మాటయే.

ఆ రాత్రి చెంగ్డూకు మరలు రైలులో యాత్రికుడు జేబులోని ఉత్తరము తీసెను. నాలుగు షరతులను మరల చదివెను. మొదటిది న్యాయమైనది, రెండవదియు న్యాయమైనదే. నాలుగును న్యాయమైనవే. ఆయన ఆ కాగితమును మడిచి చించెను. క్రొత్త కాగితముపై ఇట్లు వ్రాసెను:

"చిరంజీవికి ఆశీస్సులు. ఈ వేసవిని కాలువలు కట్టిన పిమ్మట మీ ఊరు వచ్చెదను. నీ బడిని చూడవలెనని యున్నది. అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ అడుగున కొంత మిగిలియున్నది. తెచ్చెదను. నన్ను రానిచ్చెదవు గదా."

చివరి వాక్యము వ్రాయుటకు ఆయనకు చాలసేపు పట్టెను. అదియే ఇనుము తగిలిన చోటు.